చట్టం ఊరికి రాకముందే

2024 ఎండాకాలం, ఎన్నికల ముందు రోజులు. మా ఊరి టీకొట్టు దగ్గర ఏ నలుగురు చేరినా ఒకటే మాట: ల్యాండ్ టైట్లింగ్ చట్టం. వరసకు బాబాయి అయ్యే పెద్దాయన, రెండెకరాల మాగాణి ఉన్నవాడు, నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "ఏరా, నా పొలం నాదేనని నేనే రుజువు చేసుకోవాలంటగా? ఈ చట్టం ఎప్పుడు చేశార్రా?"

"2022లోనే అసెంబ్లీ ఆమోదించింది బాబాయ్. రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చింది. కిందటి అక్టోబరు 31 నుంచి అమల్లో ఉంది" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మనకెవరూ చెప్పలేదే" అన్నాడు.

ఆ రోజు నాకు జవాబు తోచలేదు. పాతికేళ్లుగా పేపరు చదువుతున్నాను, సమావేశాలు జరిగే రోజుల్లో టీవీ ముందు కూర్చుంటాను. అయినా ఆ బిల్లు సభలోకి వచ్చినరోజు నాకూ గుర్తులేదు. శాసనసభను మనం చూస్తున్నామే గాని దాని వెంట నడవడం లేదని నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఒక మామూలు పౌరుడు తన రాష్ట్ర శాసనసభ వెంట ఎక్కడెక్కడ, ఎప్పుడెప్పుడు నడవగలడు, తన మాట ఎక్కడ చెల్లుతుంది అన్న విషయం మీద ఆనాటి నుంచి వెతుకుతూ పోగుచేసుకున్నదే ఈ వ్యాసం.

భూమి సంగతితోనే మొదలుపెడతాను. ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఆ టైట్లింగ్ చట్టం ప్రకారం హక్కుల రికార్డులో పేరు ఎక్కాక అభ్యంతరం చెప్పడానికి రెండేళ్ల గడువు. తగాదా వస్తే ముందు టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి, తర్వాత అప్పీలు అధికారి, ఆ తర్వాత నేరుగా హైకోర్టు. మండల కేంద్రంలోని సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయింది. న్యాయవాదులు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కింది అందుకే. ఎన్నికలయ్యాక కొత్త ప్రభుత్వం 2024 జులైలో దాన్ని రద్దు చేసింది. చట్టం మంచిదా చెడ్డదా అన్న వాదన ఇంకోచోట చేసుకోవచ్చు. నన్ను బాధించేది వేరు. ప్రతి రైతు ఇంటినీ తాకే చట్టం మీద ఊళ్లలో చర్చ మొదలైంది అది అమల్లోకి వచ్చాక. బిల్లుగా ఉన్నప్పుడు దాన్ని చదివినవాళ్లు మా మండలంలో ఒక్కరుంటే ఎక్కువ.

తెలంగాణలో ఇదే భూమి మీద నాలుగేళ్ల తేడాతో వచ్చిన రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ధరణి పోర్టల్‌కు ఆధారమైన పట్టాదారు పాసుపుస్తకాల బిల్లును 2020 సెప్టెంబరు 9న సభలో పెట్టారు, 11న సభ ఆమోదించింది. రెవెన్యూ కోర్టులు పోయాయి. రికార్డులో తప్పు పడితే తహసీల్దారు దగ్గర, ఆర్డీవో దగ్గర సరిచేయించుకునే పాత దారి లేకుండా పోయింది. ఆ తర్వాత కలెక్టరేట్ల ముందు కనబడిన క్యూలు అందరికీ తెలిసినవే. అదే రాష్ట్రంలో 2024లో భూభారతి వంతు వచ్చేసరికి, బిల్లు సభకు వెళ్లకముందే ఆగస్టులో ముసాయిదాను జనం ముందు పెట్టి సూచనలు అడిగారు. జిల్లాల్లో చర్చలు జరిగాయి. రైతు సంఘాలు, న్యాయవాదులు, రిటైరైన రెవెన్యూ ఉద్యోగులు తమకు తెలిసింది రాసి పంపారు. డిసెంబరులో బిల్లు సభలోకి వచ్చింది, రెండు రోజుల్లోనే ఆమోదం పొందింది. అంచెలంచెల అప్పీళ్లకు మళ్లీ దారి దొరికింది, సాదాబైనామాల (రిజిస్టర్ కాని కొనుగోలు కాగితాల) ప్రస్తావనా అందులో చేరింది.

గమనించండి, సభలో గడిచిన కాలం రెండుసార్లూ రెండు మూడు రోజులే. తేడా సభ బయట ఉంది. 2020లో జనానికి ఒక్క వారం కూడా దక్కలేదు, 2024లో నాలుగు నెలలు దక్కాయి. నేను ఇంతకాలం వెతికి తెలుసుకున్నదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బిల్లు సభ గడప తొక్కేదాకా పౌరుడి మాటకు బలం ఎక్కువ. సభలో పడ్డాక ఆ బలం చాలావరకు పోతుంది. చట్టం అయ్యాక, నియమాలు రాసేటప్పుడు మళ్లీ కాస్త వస్తుంది. మనం మాత్రం సరిగ్గా ఆ మధ్య రెండు రోజులే టీవీకి కళ్లప్పగించి కూర్చుంటాం.

ఇది మన రెండు రాష్ట్రాల జబ్బు మాత్రమే కాదు. రాష్ట్రాల చట్టసభల లెక్కలు ఏటా వేసే పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ ప్రకారం, 2024లో దేశంలోని రాష్ట్రాల సభలు ఆమోదించిన బిల్లుల్లో దాదాపు సగం, ప్రవేశపెట్టిన రోజునో మర్నాడో ఆమోదం పొందినవే. సభలు కూర్చునేది కూడా ఏడాదికి సగటున ఇరవై రోజుల దరిదాపుల్లోనే. జస్టిస్ వెంకటాచలయ్య నాయకత్వాన రాజ్యాంగ పనితీరును సమీక్షించిన సంఘం, డెబ్బైమందికి మించి సభ్యులున్న రాష్ట్ర సభలు ఏడాదికి కనీసం 90 రోజులు కూర్చోవాలని 2002లోనే చెప్పింది. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ సభకు, 119 మంది ఉన్న తెలంగాణ సభకు ఆ లెక్క వర్తిస్తుంది. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదన్న 174వ అధికరణం ఒక్కటే ఇప్పుడు సభను పిలిపిస్తున్న గట్టి కట్టు.

ముసాయిదాను ముందుగా జనం ముందు పెట్టాలన్న నిబంధన మనకు లేదా అంటే, కేంద్రం 2014 ఫిబ్రవరిలో ఒక విధానం తెచ్చింది. బిల్లు ముసాయిదా కనీసం 30 రోజులు అందరికీ అందుబాటులో ఉంచాలని దాని సారాంశం. అది కేంద్ర మంత్రిత్వ శాఖలకే, అదీ చట్టబద్ధమైన ఆంక్ష కాదు. రాష్ట్రాలకు అలాంటిది తప్పనిసరి కాదు కాబట్టి భూభారతికి జరిగింది ప్రభుత్వం తలచుకుంటే జరిగింది, రేపు ఇంకో బిల్లుకు జరగకపోవచ్చు. పౌర సంఘాలు, బార్ అసోసియేషన్లు, రైతు సంఘాలు పార్టీల ముందు పెట్టాల్సిన మొదటి కోరిక ఇదేనని నా గట్టి నమ్మకం. ఎన్నికల ప్రణాళికల్లో ఎన్నో పథకాలు అడుగుతాం. "బిల్లు ముసాయిదా 30 రోజుల ముందు తెలుగులో పెడతాం" అన్న హామీని ఎవరమైనా ఎప్పుడైనా అడిగామా?

ఇక బిల్లుకూ చట్టానికీ తేడా. ఇది పాఠ్యపుస్తకం విషయంలా కనిపిస్తుంది గాని మనల్ని బాగా దెబ్బతీసేది ఇక్కడే. ఆడవాళ్ల మీద అఘాయిత్యాలకు త్వరగా శిక్ష పడాలని తెచ్చిన దిశ బిల్లును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరు 13న ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు. ఆ తర్వాత దిశ పోలీస్‌స్టేషన్లు వచ్చాయి, ఫోన్లలో దిశ యాప్ వచ్చింది, ఊరూరా "దిశ చట్టం" అన్నారు. ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు. అది చట్టం కానేలేదు. ఆడపిల్ల తండ్రి ఎవరైనా ఆ ఇరవై ఒక్క రోజుల మాట నమ్మి స్టేషన్ మెట్లెక్కి ఉంటే, ఆయనకు ఎదురైన నిరాశను తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టవుతుంది. సభ ఆమోదించాక బిల్లు గవర్నరు దగ్గరకు వెళుతుంది. గవర్నరు సంతకం పెట్టవచ్చు, ఆపవచ్చు, రాష్ట్రపతికి పంపవచ్చు. తెలంగాణ సభ 2025 మార్చిలో ఆమోదించిన 42 శాతం బీసీ రిజర్వేషన్ల బిల్లులూ అలా రాష్ట్రపతి పరిశీలనకే వెళ్లాయి. అందుకని ఏ చట్టం గురించి విన్నా రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి: గెజిట్‌లో అచ్చయిందా, ఏ తేదీ నుంచి అమలు?

గెజిట్ అయ్యాక కూడా పని అయిపోదు. చట్టం పాఠంలో చాలాచోట్ల "నిర్ణయించిన విధంగా" అన్న మాట కనిపిస్తుంది. ఫీజు ఎంత, గడువు ఎంత, ఏ ఫారం, ఎవరికి ఇవ్వాలి అన్నవన్నీ ఆ మాట వెనుక దాగి ఉంటాయి. అవి తర్వాత ప్రభుత్వం రాసే నియమాల్లో తేలతాయి. భూభారతి చట్టానికి గవర్నరు ఆమోదం వచ్చింది 2025 జనవరిలో అయితే, అది నియమాలతో జనంలోకి వచ్చింది ఏప్రిల్‌లో. చదవడానికి మళ్లీ మూడు నెలలు దొరికినట్టే. నియమాలు సభ ముందు పెట్టాలి, వాటిని పరిశీలించడానికి సభలో ఒక సంఘమూ ఉంటుంది. చట్టం మీద గంటలకొద్దీ మాట్లాడే మన సంఘాలు నియమాల మీద ఒక్క వినతిపత్రం ఇవ్వడం నేను అరుదుగా చూశాను.

ప్రశ్నల సంగతి కొంచెం ఆశ కలిగిస్తుంది. సభ మొదటి గంట ప్రశ్నోత్తరాలది. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తులేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు వస్తుంది. మన ఎమ్మెల్యే దగ్గరకు మనం ఎందుకు వెళతాం? పింఛను కోసం, బదిలీ కోసం, స్టేషన్‌కు ఒక ఫోను కోసం. ఆ పనులు వద్దనను, కష్టంలో ఉన్నవాడు ఎక్కడికైనా వెళతాడు. దాంతోపాటు ఒక చిన్న కాగితం మీద ఒక ప్రశ్న రాసి ఇచ్చి చూడండి: "మన మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఎప్పటినుంచి?" అంకెలు అడిగే ప్రశ్న మంత్రికి తప్పించుకోవడం కష్టం, ఎమ్మెల్యేకు వేయడం సులువు. మన ఎమ్మెల్యే అధికారపక్షమైనా పర్వాలేదు, ఆ పక్షం వాళ్లూ ప్రశ్నలు వేస్తారు. మంత్రులకు ఆ అవకాశం ఉండదు కాబట్టి మీ ఎమ్మెల్యే మంత్రి అయితే పక్క నియోజకవర్గం ఎమ్మెల్యేనో, మండలి సభ్యుణ్ణో చూసుకోవాలి.

మంత్రి "పరిశీలిస్తాం", "వచ్చే ఏడాది పూర్తిచేస్తాం" అంటే అది గాలికి పోయే మాట కాదు. సభలో మంత్రి ఇచ్చిన హామీలను ఏరి, అవి నెరవేరాయో లేదో చూడడానికే హామీల సంఘం ఉంది. తేదీ, మంత్రి, మాట, ఈ మూడూ రాసిపెట్టుకుని ఆరు నెలల తర్వాత ఆ సంఘానికి ఉత్తరం రాసే మనిషి నియోజకవర్గానికి ఒక్కరున్నా చాలు. విలేకరులు ఒకప్పుడు ఈ పని చేసేవారు. ఇప్పుడు సభ బయట మీడియా పాయింట్ దగ్గర ఎవరు ఎవర్ని ఏమన్నారన్నదే వార్త. పోడియం దగ్గరి నినాదాలు ఫోన్లలో తిరుగుతాయి, ఆ పూటే టేబుల్ మీద పెట్టిన కాగితాలు ఎవరి కంటా పడవు.

సత్తెనపల్లి నుంచి ఎన్నిసార్లో గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య పేరు మా నాన్న తరంవాళ్లు తలుచుకునేది సభలో ఇలాంటి పని చేసినందుకే. పార్టీ బలం లేని మనిషి సభలో గౌరవం సంపాదించింది నిబంధనలు చదివి, ప్రశ్నలు వేసి. ఆయన నియోజకవర్గం జనానికి కూడా సభ అంటే ఏమిటో ఆయన ద్వారానే కొంత తెలిసిందని మా పెద్దవాళ్లు అనేవారు.

డబ్బు దగ్గరికి వస్తే చూపు ఇంకా నిలపాలి. 2025-26కు ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3.22 లక్షల కోట్లు, తెలంగాణది 3.04 లక్షల కోట్లు. బడ్జెట్ ప్రసంగం రోజు పేపర్లు రంగురంగుల బొమ్మలతో వేసే అంకెలు అంచనాలు మాత్రమే. బడ్జెట్ పుస్తకాల్లో ప్రతి పద్దు పక్కన గడులు ఉంటాయి: రెండేళ్ల కిందట నిజంగా అయిన ఖర్చు, కిందటేడు అనుకున్నది, దాని సవరించిన అంచనా, ఈ ఏటి అంచనా. కుడివైపు చివరి గడి మంత్రి ఆశ, ఎడమవైపు మొదటి గడి జరిగిన నిజం. మీకు పట్టింపున్న ఒక్క పద్దు ఎంచుకోండి. చిన్ననీటి వనరులో, బీసీ హాస్టళ్లో, గ్రంథాలయాలో ఏదైనా సరే. ఆ ఒక్క వరుస మూడేళ్లు వెంటాడితే ఎంత ప్రకటించారు, ఎంత ఖర్చుపెట్టారు అన్నది మీ వేళ్ల మీద ఉంటుంది. పద్దుల మీద చర్చకు రోజులు చాలక చివరిరోజు మిగిలినవాటిని గిలెటిన్ పేరుతో ఒక్క మూజువాణి ఓటుతో ఆమోదిస్తారు. వేల కోట్లు అలా ఒక్క "అవును"తో దాటిపోతాయి. సభ చదవలేకపోయిన పద్దును పౌరుడు చదవక తప్పదు.

ఖర్చు అయ్యాక లెక్క అడిగేది కాగ్. 151వ అధికరణం ప్రకారం కాగ్ నివేదిక గవర్నరుకు, అక్కడి నుంచి సభకు వస్తుంది. కాళేశ్వరం ప్రాజెక్టు మీద కాగ్ నివేదిక తెలంగాణ సభ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో, దాని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగి నాలుగు నెలలు గడిచాక. అలాంటి నివేదికలను సాధికారంగా విప్పి అధికారులను పిలిపించి అడిగేది ప్రజాపద్దుల సంఘం. దానికి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షత వహించడం ఎన్నాళ్లుగానో ఉన్న ఆనవాయితీ. 2024లో రెండు రాష్ట్రాల్లోనూ ఆ ఆనవాయితీ మీద రగడ జరిగింది. తెలంగాణలో బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచిన అరికెపూడి గాంధీని అధ్యక్షుణ్ణి చేస్తే, ఆయన ఇప్పుడు మా పక్షంలో లేడని బీఆర్ఎస్ అంది. ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీకి 11 మందే ఉండడంతో ఎన్నిక గెలిచే బలం లేకపోయింది, ఆ పార్టీ ఓటింగ్‌ను బహిష్కరించింది, జనసేన సభ్యుడు పులపర్తి రామాంజనేయులు అధ్యక్షుడయ్యారు. రెండుచోట్లా ఎవరి వాదన వారికుంది. నాకు మాత్రం ఆ కుర్చీ ఎవరిదన్నదానికంటే ఆ సంఘం ఏడాదికి ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని కాగ్ పేరాలు విచారించింది అన్నది ముఖ్యం. ఆ రెండంకెలు సమాచార హక్కు దరఖాస్తుతో అడగదగ్గవే. ఫీజు పది రూపాయలు, జవాబు గడువు 30 రోజులు.

సభకు రాని సభ్యుల గురించి ఊళ్లలో వాడిగా మాట్లాడుకుంటారు. ఇందులో పక్షాలన్నీ వంతులవారీగా పాత్రధారులే. 2021 నవంబరులో ప్రతిపక్ష నాయకుడిగా చంద్రబాబు సభ విడిచి వెళ్లారు, 2024 తర్వాత జగన్ పక్షం దూరంగా ఉంది, తెలంగాణలో కేసీఆర్ కనబడింది కొద్దిసార్లే. 190వ అధికరణం ప్రకారం అనుమతి లేకుండా అరవై రోజులు సభకు రాకపోతే ఆ స్థానం ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. ఆ అరవైలో సమావేశాలు ముగిసి ఉన్న రోజులు, వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడ్డ రోజులు కలవవు. ఏడాదికి ఇరవై ముప్పై రోజులు కూర్చునే సభలో అరవై నిండాలంటే ఎన్నాళ్లు పడుతుందో చూడండి. హాజరు పట్టిక కంటే, వచ్చిన రోజుల్లో ఆ సభ్యుడు ఏ బిల్లు మీద ఏమన్నాడన్నదే నేను అడుగుతాను.

శాసనమండలి గురించి ఎక్కువ చెప్పను. 1985లో ఎన్టీఆర్ రద్దు చేశారు, 2007లో మళ్లీ వచ్చింది, 2020లో ఆంధ్రప్రదేశ్ సభ మళ్లీ రద్దుకు తీర్మానం చేసి మరుసటి ఏడాది వెనక్కి తీసుకున్నారు. మండలి చేయగలిగింది జాప్యం ఒక్కటే. కాని ఆ జాప్యానికీ విలువుంది. మూడు రాజధానుల బిల్లులు 2020 జనవరి 20న ఒక్కరోజులో శాసనసభ దాటాయి. రెండు రోజుల తర్వాత మండలి ఛైర్మన్ షరీఫ్ వాటిని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు. ఆ కమిటీ ఏర్పడనే లేదు. ఏర్పడి ఉంటే అమరావతి రైతులూ, విశాఖవాసులూ, కర్నూలు న్యాయవాదులూ ఒకే బల్ల ముందు మాట్లాడే అవకాశం దొరికేది. అది దొరక్కపోవడం ఎవరు గెలిచారన్నదానికంటే పెద్ద నష్టం. ఇంకొక్క మాట, పట్టభద్రులకు. డిగ్రీ అయి మూడేళ్లయినవారికి మండలి ఓటు ఉంది. అయితే ప్రతి ఎన్నికకూ జాబితా మొదటి నుంచీ తయారవుతుంది, కిందటిసారి పేరున్నా మళ్లీ ఫారం 18 ఇవ్వాలి. ఓటు అంకెల్లో, ప్రాధాన్య క్రమంలో వేయాలి. అలవాటు కొద్దీ టిక్కు పెట్టి చెల్లని ఓట్లు వేసిన పట్టభద్రులు 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో కూడా వేల సంఖ్యలో ఉన్నారు.

సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకీ శాసనసభకూ సంబంధం లేదని కూడా చెప్పాలి. ఆ అర్జీ అధికారికి వెళుతుంది. సభకు వేరే పిటిషన్ల సంఘం ఉంది, దానికి మహజరు చేరాలంటే సభ్యుడి సంతకం కావాలి. ఒక్కరి రేషన్‌కార్డు సంగతి కాక, అందరికీ వర్తించే సమస్య అయితేనే అక్కడ విలువ.

సభలో జరిగింది నిజాయితీగా రాసేవాడికి, చెప్పేవాడికి రక్షణ ఉంది. 361-ఎ అధికరణం దాన్ని 1978లో రాజ్యాంగంలోకి తెచ్చింది. 1983లో మండలి మీద ఈనాడు పెట్టిన ఒక శీర్షిక సభాహక్కుల వివాదమై సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. దురుద్దేశం లేకుండా ఉన్నదున్నట్టు రాస్తే భయపడనక్కర్లేదు. ఊరి వాట్సాప్ గుంపులో "ఇవాళ మన నీటిపారుదల పద్దు ఇలా దాటింది" అని నాలుగు వాక్యాలు రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అన్నిటికంటే మొండి అడ్డంకి భాష. 210వ అధికరణం సభలో తెలుగులో మాట్లాడనిచ్చింది, మాట్లాడుతున్నారు కూడా. కాని 348వ అధికరణం ప్రకారం చట్టానికి ప్రామాణికమైన పాఠం ఇంగ్లీషుదే. ముసాయిదాలు ముందు ఇంగ్లీషులో పుడతాయి, తెలుగు పాఠం వచ్చినా వెనకగా వస్తుంది. వచ్చినదాన్ని చదవడానికి రైతుకు లాయరు కావాలి, నిఘంటువు కావాలి. మా బాబాయి ఏడో తరగతి చదివాడు. అడంగల్ చూసి సర్వే నంబర్లలో తప్పు పట్టగలడు, బ్యాంకు నోటీసు చదివి వడ్డీ లెక్క వేయగలడు. తెలుగులో రెండు పేజీల సారాంశం, దాంతోపాటు తన పొలానికి వర్తించే నాలుగు సెక్షన్లు పెద్దక్షరాల్లో ఇస్తే ఆయన చదువుతాడు, తప్పుంటే పట్టుకుంటాడు కూడా.

మా గ్రామ సచివాలయం గోడకు ఒక బోర్డు ఉంది. పథకాల లబ్ధిదారుల జాబితాలు సామాజిక తనిఖీ కోసం అక్కడ అంటిస్తారు, జనం వేలు పెట్టి తమ పేరు వెతుక్కుంటారు. మొన్న వెళ్లి చూస్తే కుడివైపు జానెడు చోటు ఖాళీగా ఉంది. వచ్చే సమావేశాలకు ముందు భూమికి సంబంధించిన ఏ బిల్లు ముసాయిదా కనబడినా దాని తెలుగు సారాంశం రాసి అక్కడ అంటించడానికి కార్యదర్శిని అడిగాను. చూద్దామన్నాడు. తేదీ రాసి పెట్టుకున్నాను.